కడుపు ఒక డాక్టరుకు, తల ఒక డాక్టరుకు

నాకు వచ్చిన జబ్బుకు అసలు పేరు దొరకడానికి తొమ్మిది నెలలు పట్టింది. ఈలోపల దానికి జనం పెట్టిన పేర్లకు కొదవ లేదు. గ్యాస్ అన్నారు. టెన్షన్ అన్నారు. నలభై దాటిన ఆడవాళ్లకు మామూలే అన్నారు. మా అత్త గాలి సోకిందన్నది. మా ఆయన నాటకాలన్నాడు. ఇప్పుడు కూర్చుని ఇది రాయగలుగుతున్నాను కాబట్టి ముందే చెప్పేస్తున్నాను, నేను దీన్ని శాంతంగా రాయడం లేదు. బతికి బయటపడ్డవాళ్లు దేవుడికి దండం పెట్టుకుని అన్నీ మర్చిపోవాలంటారు. దండం పెట్టుకున్నాను. మర్చిపోవడం మాత్రం ఆ జబ్బులోనే బోలెడంత అయింది. ఇక చాలు.

నా పేరు సరిత. ఉప్పల్ చిలుకానగర్‌లో ఉంటాం. నాచారం పారిశ్రామికవాడలో చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు తయారుచేసే ఒక కంపెనీలో పందొమ్మిదేళ్లుగా కాయిల్ వైండింగ్ పని నాది. రాగి తీగను అచ్చు మీద వరసగా చుట్టాలి. ఎన్ని చుట్లో లెక్క తప్పకూడదు. మిషన్ మీద లెక్క చూపించే మీటరు ఉంటుంది కానీ, నాకు దానితో అవసరం పడేది కాదు. పక్క మిషన్ మీదున్న పద్మతో కబుర్లు చెబుతున్నా మనసులో లెక్క దాని దారిన అది నడిచేది. మా ఆయన సిటీ బస్సు డ్రైవరు. మా అమ్మాయి మానస అప్పుడు డిగ్రీ రెండో ఏడు. మా అత్త మాతోనే ఉంటుంది. ఇదే మా ఇల్లు.

రెండేళ్ల కిందటి మే నెలలో విరేచనాలు మొదలయ్యాయి. ఎండాకాలం, నీళ్లు తేడా చేశాయేమో అనుకున్నాను. మజ్జిగన్నం తిన్నాను, ఓఆర్ఎస్ తాగాను. వారం పోయింది, నెల పోయింది, అవి మాత్రం పోలేదు. రోజుకు పది, పన్నెండు సార్లు. నొప్పి లేదు, జ్వరం లేదు. లోపల ఎవరో నల్లా విప్పి వదిలేసినట్టు ఉండేది. బస్సెక్కడానికి రెండు గంటల ముందు నుంచే ఏమీ తినకుండా ఉండడం అలవాటు చేసుకున్నాను. చిలుకానగర్ నుంచి నాచారం దాకా ఏ హోటల్లో బాత్రూం ఉందో, ఏ పెట్రోలు బంకువాళ్లు కాదనకుండా తాళం ఇస్తారో నాకు కంఠతా వచ్చేసింది.

కంపెనీలో మా సూపర్‌వైజరు అందరి ముందే అడిగాడు. “ఏందమ్మా, నీ డ్యూటీ వైండింగ్‌లనా, బాత్రూంలనా?”

నవ్వినవాళ్లలో నేను పని నేర్పిన ఆడపిల్లలు కూడా ఉన్నారు. పద్మ నవ్వలేదు. నేను లేచిన ప్రతిసారీ తన కాయిల్ పక్కన పెట్టి నాది చుట్టింది. ఇది ఆమె నాకు ఎప్పుడూ చెప్పలేదు. చాలా రోజుల తర్వాత ఇంకొకరు చెబితే తెలిసింది.

జూన్‌లో ఏఎస్ రావు నగర్‌లో ఒక కడుపు డాక్టరు దగ్గరికి వెళ్లాం. పేరున్న మనిషే. వెయిటింగ్ హాల్లో నలభై మంది ఉన్నారు, బాత్రూం ఒక్కటి. కడుపు రోగులు కూర్చునే చోట ఒక్క బాత్రూం కట్టించినాయన రోగి గురించి ఎంత ఆలోచిస్తాడో నాకు అప్పుడే తెలియాల్సింది. ఆ తలుపు వైపు చూస్తూ, ఎవరు లోపలికి వెళ్లారో, ఎవరు బయటికి వచ్చారో లెక్కపెట్టుకుంటూ రెండు గంటలు కూర్చున్నాను. డాక్టరు గదిలో ఉన్నది నాలుగు నిమిషాలు.

రక్తపరీక్షలు, స్కానింగు, తర్వాత వారం కెమెరా గొట్టం. అన్ని రిపోర్టులూ తిరగేసి ఆయన మా ఆయనతో చెప్పాడు. నాతో కాదు.

“పేగులు శుభ్రంగా ఉన్నాయండీ. ఏమీ లేదు. ఇంట్లో ఏమైనా గొడవలా?”

“గొడవలేం లేవు సార్. విరేచనాలున్నయ్,” అన్నాను నేను.

ఆయన నవ్వాడు. “టెన్షన్ ఉన్నట్టు మీకే తెలీదమ్మా. అది లోపల ఉంటుంది.”

నిద్రమాత్రలు, ఇంకేవో మాత్రలు రాసిచ్చాడు. బైకు మీద ఇంటికి బయల్దేరాం. మల్లాపూర్ దాటాక మా ఆయన బండి పక్కకు ఆపి అన్నాడు. “గొడవలున్నయా అని అడుగుతుండు ఆయన. నేనేమన్న తాగొచ్చి నిన్ను కొడుతున్ననా? మంది ముంగట నా ఇజ్జత్ ఏం గావాలె?”

ఆయనకు నా జబ్బు కంటే ఆ మాటే ఎక్కువగా తగిలింది. ఆ రోజు నుంచే మా ఇంట్లో నిజంగా గొడవలు మొదలయ్యాయి. డాక్టరు లేని టెన్షన్‌ను కనిపెట్టి మా ఇంటికి పంపించాడు.

బోనాలు వచ్చేసరికి అరవై రెండు కిలోల మనిషిని నలభై తొమ్మిదికి దిగాను. జాకెట్లు భుజాల మీద నిలవడం మానేశాయి. గల్లీలో ఒకామె “ఏం డైటింగ్ జేస్తున్నవే, మాక్కూడ జెప్పు” అంది. నేను చెబితే వినేవాళ్లెవరూ లేరు కాబట్టి నవ్వి ఊరుకున్నాను. ఆగస్టులో నిద్ర పోయింది. మాత్ర వేసుకున్నా కళ్లు మూతపడేవి కావు. చిన్న చప్పుడుకు ఒళ్లంతా ఎగిరిపడేది. ఉలికిపాటంటే అందరికీ వచ్చే ఉలికిపాటు కాదు. కుక్కరు విజిల్ వేస్తే చేతిలో ఉన్న గిన్నె గోడకు పోయి తగిలేది. ఒకసారి మానస వెనక నుంచి “అమ్మా” అని పిలిస్తే కింద పడిపోయాను.

మూడోసారి ఏఎస్ రావు నగర్ వెళ్లినప్పుడు ఇదంతా చెప్పాను. ఉలిక్కిపడుతున్నాను సార్, మాటలు మర్చిపోతున్నాను సార్ అన్నాను. ఆయన పెన్ను ఎత్తి ఆపాడు. “అది నా సబ్జెక్టు కాదమ్మా. కడుపు సంగతి చెప్పండి.”

సెప్టెంబరులో లెక్క పోయింది. ఆ రోజు నాకు బాగా గుర్తు. గుర్తున్న చివరి రోజుల్లో అదొకటి. కాయిల్ సగంలో ఉంది. నూట నలభై దాకా వచ్చాను. ఆ తర్వాత ఏమిటో తట్టలేదు. తప్పు లెక్కపెట్టడం కాదు, నూట నలభై తర్వాత ఒక అంకె ఉంటుందన్న సంగతే లేకుండా పోయింది. చేతిలో తీగ పట్టుకుని అట్లాగే కూర్చుండిపోయాను. పద్మ చూసి, “అక్కా, ఏమైంది?” అని అడిగింది. “నూట నలభై తర్వాత ఏందే?” అన్నాను. ఆమె మొహం తెల్లబోయింది. ఆ నెలలో నేను చుట్టిన కాయిల్స్ పదిహేడు పరీక్షలో ఫెయిలయ్యాయి. పందొమ్మిదేళ్లలో నావి మొత్తం కలిపినా అన్ని ఫెయిల్ కాలేదు.

బతుకమ్మ రోజుల్లో మా గల్లీలో పాట ఎత్తుకునేది నేనే. ఆ ఏడు మొదటి చరణం పాడి ఆగిపోయాను. ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ తిరుగుతూనే ఉన్నారు, నేను మధ్యలో నిలబడ్డాను. ఎవరో పక్కనుంచి పాట అందుకున్నారు. మా అత్త నా చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది. మర్నాడే నన్ను మౌలాలి దర్గాకు తీసుకెళ్లింది. పదిహేను మెట్లెక్కేసరికి కూలబడ్డాను. డెబ్బై ఏళ్ల మనిషి నన్ను తన ఒడిలో కూర్చోబెట్టుకుంది. “ఇదేదో పట్టింది బిడ్డా నిన్ను. నువ్వు గిట్ల లేవు, నాకెర్కలేదా” అని ఏడ్చింది. ఆమె చెప్పిన కారణం తప్పే. కానీ నాకేదో అయిందని మొదట ఒప్పుకున్నది ఆమె ఒక్కతే. చదువుకున్నవాళ్లెవరూ అంతమాత్రం కూడా అనలేదు.

అదే నెలలో హబ్సిగూడలో తల డాక్టరును చూశాం. తలకు స్కానింగు తీశారు. “బ్రెయిన్ నార్మల్. డిప్రెషన్‌లాగా ఉంది,” అన్నాడు ఆయన. ఈసారి మానస నాతో వచ్చింది. ఐదు నెలల నుంచి విరేచనాలున్నాయని, బరువు తగ్గిపోతోందని అది చెప్పబోయింది.

“మోషన్స్ సంగతి కడుపు డాక్టరుకు చెప్పుకోవాలమ్మా,” అన్నాడు.

“ఆయన తల సంగతి మీకు చెప్పుకోమన్నడు సార్,” అంది మానస.

“కరెక్టే కదా,” అన్నాడు ఆయన.

ఏఎస్ రావు నగర్‌కు, హబ్సిగూడకు మధ్య బైకు మీద ఎంతో దూరం లేదు. ఆ కాస్త దూరానికి ఆ ఇద్దరూ ఒక్క ఫోను చేసుకోలేదు. ఆకుపచ్చ ఫైలు అక్కడ, నీలం ఫైలు ఇక్కడ. మనిషిని నేను ఒక్కదాన్నే. మెడ దగ్గర కోసి పైభాగం ఒకరికి, కిందిభాగం ఇంకొకరికి ఇచ్చినట్టు తిరిగాను. ఆ రాత్రి నుంచే మానస ఒక నోట్‌బుక్ పెట్టింది. ఎన్నిసార్లు బాత్రూంకు వెళ్లాను, ఎంత తిన్నాను, బరువెంత, ఏ మాట మర్చిపోయాను, ఏ చప్పుడుకు పడ్డాను అన్నీ రాసింది. ఇక్కణ్నుంచి నేను రాసేది చాలావరకు ఆ నోట్‌బుక్ లోనిదే. నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది.

నవంబరులో కంపెనీ ఆఫీసు గదికి పిలిచారు. ఒక కాగితం ముందు పెట్టి సంతకం పెట్టమన్నారు. “లీవు కోసం” అన్నారని నాకు గుర్తు. అది రాజీనామా. బయటికి వచ్చాక పద్మ అడిగిందట, ఏం కాగితమని. “ఏమో” అన్నానట. సరిత అని రాసే బదులు నా చిన్నప్పటి బడి పేరు, మా నాన్న ఇంటి పేరుతో సహా రాసి వచ్చాను. ఆ సంతకం చూసి కూడా వాళ్లకు అనుమానం రాలేదు. రాలేదని నేను అనుకోవాలట.

ఆ రోజే ఇంటికి వచ్చే బస్సు దిగాల్సిన చోట దిగలేదు. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర దిగాను. స్కైవాక్ వంతెన కింద అటూ ఇటూ తిరిగాను. ఇల్లు ఎటు ఉందో తెలియలేదు. ఇరవై రెండేళ్లుగా రోజూ చూస్తున్న చౌరస్తా అది. ఒక లారీ హారన్ కొట్టింది. ఎగిరిపడ్డాను, కడుపు వదిలేసింది. అందరి మధ్య, మధ్యాహ్నం మూడింటికి. ముక్కు మూసుకుని దూరం జరిగినవాళ్లు నాకు గుర్తున్నారు. ఫోను తీసి నన్ను వీడియో తీసినవాణ్ని నేను కావాలనే గుర్తుపెట్టుకున్నాను.

అక్కడి మరుగుదొడ్లు కడిగే ఆమె పేరు బాలమణి. ఆమె వచ్చి నా చెయ్యి పట్టుకుంది. “రా అక్కా, ఏం గాలే. గిది అందరికుండేదే,” అంది. లోపలికి తీసుకెళ్లి, తలుపు వేసి, ఒక బకెట్ తర్వాత ఒక బకెట్ పోసి పసిపిల్లను కడిగినట్టు కడిగింది. తన సంచిలోంచి చీర తీసి కట్టింది. నా ఫోనులో మానస పేరు వెతికి ఫోను చేసింది. మానస వచ్చేదాకా నన్ను తన స్టూలు మీద కూర్చోబెట్టి, తను నిలబడే ఉంది. తొమ్మిది నెలల్లో నేను చూసిన తెల్లకోట్లు ఎన్నో ఉన్నాయి. ముట్టుకుని చూసింది ఈమె.

డిసెంబరులో నేను మనిషిని కాదు. బరువు నలభై నాలుగుకు వచ్చింది. గోడ మీద చీమలు పాకుతున్నాయని చీపురుతో కొట్టేదాన్నట. మా ఆయన అన్నంలో మందు కలిపి నా కడుపు పాడు చేస్తున్నాడని, గల్లీలో నిలబడి అరిచానట. ఆయన ముఖం ఊహించుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. పది రోజులు డ్యూటీకి వెళ్లలేదు. బస్సు నడిపేటప్పుడు మనసు రోడ్డు మీద ఉండడం లేదని ఆయనే సెలవు పెట్టుకున్నాడు. ఆఖరికి సిటీలోని ఒక పెద్ద ప్రభుత్వ దవాఖానలో మానసిక రోగుల విభాగానికి నన్ను తీసుకెళ్లారు. ఎవరికీ చెప్పొద్దని మా ఆయన చుట్టాలందరి దగ్గరా మాట తీసుకున్నాడు.

అక్కడి డాక్టరమ్మకు ముప్పై ఐదేళ్లుంటాయేమో. ఓపీ వరండా నిండా జనం. ఏమైందమ్మా అని ఆమె అడగగానే మా ఆయన అందుకున్నాడు. “నాటకాలు మేడం. పని దప్పించుకునేటందుకు. అన్ని టెస్టులు జేపిచ్చిన, అన్ని నార్మలే.”

ఆమె ఆయన వైపు చూసి, “మీరు కూర్చోండి. అలసిపోయి ఉన్నారు,” అంది. తర్వాత తన కుర్చీ నా పక్కకు జరుపుకుంది.

“అమ్మా, ముందు వచ్చింది ఏది? కడుపా, మతిమరుపా?”

ఇంత చిన్న ప్రశ్న. ఎనిమిది నెలల్లో ఎవరూ అడగలేదు. మానస నోట్‌బుక్ తీసి బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మ మొదటి పేజీ నుంచి చదివింది. బయట జనం కేకలు వేస్తున్నారు, నర్సు రెండుసార్లు లోపలికి తొంగి చూసింది. ఆమె చదువుతూనే ఉంది. మధ్యలో ఎవరో స్టీలు ట్రే జారవిడిచారు. నేను కుర్చీలోంచి ఎగిరి నేల మీద పడ్డాను. ఆమె లేచి వచ్చి నన్ను ఎత్తి కూర్చోబెట్టి, నా ముక్కు మీద వేలితో మెల్లగా తట్టింది. తట్టిన ప్రతిసారీ తల వెనక్కి విసిరినట్టు పోయింది.

“ఇది నా దగ్గర ఉంచుకునే కేసు కాదు,” అంది. “ఈమెది పిచ్చి కాదు, నాటకం అంతకన్నా కాదు. రండి.”

చీటీ రాసి పంపించలేదు. తనే లేచి, మమ్మల్ని వెంటబెట్టుకుని, రెండు బిల్డింగులు దాటి నరాల డాక్టరు గదికి నడిచింది. ఇంతకుముందు నాకు మందు రాసిచ్చిన ఇద్దరికీ ఫోను చేయడం కుదరలేదు. నడవడం ఈమెకు కుదిరింది. మా ఇంట్లో ఎవరికీ చెప్పుకోవడానికి సిగ్గుపడిన ఆ ‘పిచ్చి డాక్టరే’ నా బతుకు కాపాడింది. అందుకే ఈ మాట నొక్కి రాస్తున్నాను. మానసిక వైద్యం దగ్గరికి వెళ్లడం సిగ్గు కాదు. వినకుండా అక్కడికి తోసేయడం సిగ్గు.

వెన్నులోంచి నీరు తీశారు. రక్తం వేరే ఊరికి పంపించారు. జవాబు వచ్చేసరికి జనవరి చివర. నరాల డాక్టరు మా అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. అప్పుడు నాకు సగమే అర్థమైంది. తర్వాత మూడుసార్లు అడిగి చెప్పించుకున్నాను. జబ్బుకు పొడుగాటి ఇంగ్లీషు పేరు ఉంది, అది నాకు ఇప్పటికీ నోరు తిరగదు.

మన ఒంట్లో నరాలు కరెంటుతో పనిచేస్తాయట. ఆ కరెంటు తీగలో పారేది కాదు. ఒక్కో కణం గోడకు కంటికి కనపడని ద్వారాలుంటాయి, వాటిని అయాన్ చానళ్లు అంటారు. సోడియం, పొటాషియం లాంటి లవణాలు ఆ ద్వారాల గుండా వస్తూ పోతూ ఉంటేనే నరం మేలుకుంటుంది, మళ్లీ నిమ్మళిస్తుంది. నిమ్మళింపజేసే ఒక రకం పొటాషియం ద్వారం ఉంది. దాన్ని అంటుకుని ఉండే ఒక ప్రోటీన్ మీద నా ఒంటి రక్షణ దళమే శత్రువనుకుని దాడి చేస్తోంది. ద్వారాలు తగ్గిపోయేసరికి నరాలు నిమ్మళించడం మానేశాయి.

“ఆ ద్వారాలు మెదడులో జ్ఞాపకాలు తయారయ్యే చోట ఉన్నాయి. పేగుల గోడలో కూడా ఉన్నాయి,” అన్నాడు డాక్టరు.

“పేగులకు గూడ నరాలుంటయా సార్?” అని అడిగింది మానస.

“పేగు పొడుగునా ఉంటాయమ్మా. అన్నాన్ని ఎంత వేగంగా ముందుకు తోయాలో అవే చెబుతాయి. మీ అమ్మగారి పేగులు, తల రెండూ ఒకే కారణంతో అదుపు తప్పాయి.”

“అయితే ఒక్కటే జబ్బా సార్?” అన్నాను నేను.

“ఒక్కటే.”

నేను ఏడ్చాను. జబ్బు పెద్దదని ఏడవలేదు. మెడ దగ్గర కోసిన మనిషిని ఎవరో మళ్లీ అతికించినట్టు అనిపించింది. మా ఆయన మాత్రం తల ఎత్తకుండానే అడిగాడు. “అంటే... ఆమె గావాలని జేయలేదన్నట్టా సార్?”

“కావాలని ఎవరైనా పద్దెనిమిది కిలోలు తగ్గుతారా అండీ?” అన్నాడు డాక్టరు.

చికిత్స తేలిక కాదు. ముందు ఐదు రోజులు సెలైన్లో మందు. నోరంతా ఇనుము రుచి, ముఖం ఉబ్బి గుండ్రంగా అయింది. తర్వాత నా రక్తం బయటికి తీసి, అందులో దాడి చేసే పదార్థాలను వడకట్టి, మళ్లీ ఎక్కించారు. ఒంట్లోంచి వేడి పోతున్నట్టు చలితో వణికిపోయేదాన్ని. మా అత్త పొద్దంతా మంచం పక్కన కూర్చుని నా పాదాలు తన చేతుల మధ్య రుద్దేది. మొదట కడుపు కుదుటపడింది. శివరాత్రి ముందు ఒక పొద్దున ఆకలేసి లేచాను. పది నెలల తర్వాత ఆకలి! జొన్నరొట్టె, పచ్చిపులుసు అడిగితే మా ఆయన వార్డు దాటి పరుగెత్తాడు. తల మాత్రం తొందరపడలేదు. మాటలు ఒక్కొక్కటీ వచ్చాయి. మానస పక్కన కూర్చుని పప్పుగింజలతో లెక్క నేర్పింది. నేను దానికి నేర్పినట్టే. నూట నలభై తర్వాత నూట నలభై ఒకటి అని చెప్పిన రోజు ఏప్రిల్‌లో వచ్చింది. ఇప్పటికీ ఆరు నెలలకోసారి వెళ్లి ఒక మందు ఎక్కించుకుంటాను. ఆ బతుకమ్మ నుంచి క్రిస్మస్ దాకా నా బతుకులో, అక్కడక్కడ మిగిలిన ముక్కలు తప్ప, ఒక ఖాళీ ఉంది. అది రాదన్నారు.

జూన్‌లో నేను ఏఎస్ రావు నగర్ వెళ్లాను. మానస వద్దంది. టోకెను తీసుకుని, నా వంతు వచ్చేదాకా కూర్చున్నాను. బాత్రూం అప్పటికీ ఒక్కటే. లోపలికి వెళ్లి రిపోర్టు ఆయన ముందు పెట్టాను. చదివాడు. కళ్లజోడు తీశాడు.

“ఇది చాలా అరుదైన జబ్బమ్మా. లక్షల్లో ఒకరికి. మాకెవరికీ తట్టదు.”

“తట్టలేదని నాకు కోపం లేదు సార్. ఉలిక్కిపడుతున్న, మర్చిపోతున్న అని నేనే జెప్పిన గదా. గది నా సబ్జెక్టు కాదన్నరు. జబ్బు అరుదైంది కావచ్చు. మనిషి జెప్పేది ఇనుడు గూడ అరుదేనా?”

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. రిపోర్టు ఫొటో తీసుకోవచ్చా అని అడిగాడు. “తీసుకోండి. నా పేరు కొట్టేసి ఎవరికన్న జూపెట్టుండ్రి. ఇంకొకరు వస్తే ఆడదానికి టెన్షన్ అని పంపకుండ్రి,” అన్నాను. క్షమించమని అనలేదు. అంటాడని నేను వెళ్లలేదు. చెప్పడానికే వెళ్లాను, చెప్పి వచ్చాను.

కంపెనీ అంత తేలికగా వదల్లేదు. కావాలంటే కొత్తగా చేరమన్నారు. “మానవత్వంతో ఇస్తున్నం” అన్నాడు ఆఫీసు మనిషి. పందొమ్మిదేళ్ల సర్వీసు నా దగ్గర లాక్కుని, దాన్నే నాకు దానం ఇస్తానంటే ఎట్లా తీసుకుంటాను? లేబర్ ఆఫీసులో ఫిర్యాదు చేశాను. పద్మ వచ్చి, “ఆ దినం బయటకొస్తే నేనే అడిగిన, ఏం కాగితమో అక్కకు తెల్వదు” అని అధికారి ముందు చెప్పింది. ఆమె ఉద్యోగం కూడా అక్కడే అని మీరు మర్చిపోవద్దు. ఆ సంతకం, డాక్టరమ్మ ఇచ్చిన ఉత్తరం పక్కపక్కన పెట్టి చూశాక, మూడో వాయిదాకు కంపెనీ ఆ కాగితం వెనక్కి తీసుకుంది. ఇప్పుడు వైండింగ్ చేయడం లేదు, కాయిల్స్ పరీక్ష చేసే బల్ల దగ్గర కూర్చుంటున్నాను. మీటరు చూసే లెక్క రాస్తాను. సిగ్గేమీ లేదు.

పోయిన ఆదివారం మధ్యాహ్నం ఇదంతా మా ఆయనకు చదివి వినిపించాను. ఆయన నేల మీద కూర్చుని వెల్లుల్లి పొట్టు తీస్తున్నాడు. డాక్టరమ్మ దగ్గర ఆయన అన్న మాట చదివినప్పుడు చేతులు ఆగిపోయాయి.

“గా నాటకాలు అన్న మాట తీసెయ్యరాదు?”

“ఎందుకు తియ్యాలె?”

“మంది సదువుతరు. మానస సదువుతది.”

“మానస సదువుడేంది, అప్పుడు ఆడ్నే ఉండె. ఇన్నది.”

“తెల్వక అన్న సరితా.”

“తెల్వక అన్నవనే రాస్త. అన్లేదని ఎట్ల రాయాలె? నేను ఏమేం జేసిన్నో నాకే యాది లేదు. యాదికున్నయే కొన్ని. గవి గూడ తీసెయ్యమంటవా?”

ఆయన లేచి వెళ్లి చేతులు కడుక్కున్నాడు. నీళ్లు తాగాడు. వచ్చి మళ్లీ అదే చోట కూర్చున్నాడు.

“అయితే రాయి,” అన్నాడు. “మా ఆయన మా ఆయన అని ఎందుకు రాస్తున్నవ్? పేరు రాయి. ఎవరన్నరో తెలువాలె గదా.”

రాస్తున్నాను. ఆయన పేరు నర్సింహ.